పాత కారు బ్రేక్ పెడల్ కిందికి దిగుతోందా? నేను చేసిన తప్పు మీరు చేయకండి

కాశీబుగ్గ షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, మనది రోడ్డు పక్క షెడ్డు. జీడిపిక్కల లోడు బళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా పోతూనే ఉంటాయి.

ఈ రోజు టాపిక్ బ్రేక్ పెడల్. మీలో చాలామందికి సొంత కారు ఉండదు, ఇంట్లో నాన్నదో మావయ్యదో పాత కారు ఉంటుంది. లైసెన్సు వచ్చిన కొత్తలో మనం నేర్చుకునేది దాని మీదే. అందుకే ఇది మీ కోసం చేస్తున్నాను. ముందు ఒక సంగతి చెప్తాను. ఇది నా గొప్ప కాదు, నా తప్పు.

మా మావయ్యది ఉద్దానం. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రానికి దగ్గర్లో ఊరు. మా అత్తకి కిడ్నీ సమస్య. ఉద్దానం అంటే ఈ మాట నేను విడమర్చి చెప్పక్కర్లేదు, మన వైపు ప్రతి ఊళ్లో ఇలాంటి ఇల్లు ఒకటుంటుంది. వారానికి రెండు సార్లు అత్తని పలాసకి డయాలసిస్‌కి తీసుకురావాలి. మావయ్య దగ్గర 20 ఏళ్లు దాటిన చిన్న పెట్రోల్ కారు ఉంది. ఏ కంపెనీ అని అడగకండి. ఏ కంపెనీ కారైనా 20 ఏళ్ల తర్వాత రబ్బరు రబ్బరే, ఇనుము ఇనుమే.

ఒక రోజు డయాలసిస్ అయ్యాక షెడ్డుకి వచ్చి, "అల్లుడూ, బ్రేకు ఎందుకో కిందికెల్లిపోతంది, ఓపాలి సూడు" అన్నాడు. నేను బానెట్ ఎత్తి చూశాను. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. "ఎప్పుడు మార్చావు మావయ్యా?" అంటే, "తిత్లీకి ముందు" అన్నాడు. తిత్లీ తుఫాను వచ్చింది 2018 అక్టోబర్లో. అంటే ఆరేళ్లు దాటిపోయింది.

సరే అని ఆయిల్ నింపాను. కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టి, "అడుగు దాకా తొక్కరా, వదలరా, మళ్లీ తొక్కరా" అంటూ నాలుగు చక్రాల దగ్గరా గాలి తీశాను. పెడల్ పైకి వచ్చింది. నేనే ఎక్కి గట్టిగా రెండు సార్లు తొక్కి చూశాను, బండి టక్కున ఆగింది. "అయిపోయింది మావయ్యా, ఎల్లు" అన్నాను. అరగంట పని.

తర్వాత వారం. డయాలసిస్ అయ్యి ఇంటికి పోతున్నారు. రైల్వే గేటు పడింది. గేటు దగ్గర రోడ్డు కొంచెం ఎత్తుగా ఉంటుంది కదా, కారు ఏటవాలు మీద ఆగింది. మావయ్య పెడల్ మీద తేలిగ్గా కాలు పెట్టుకుని కూర్చున్నాడు. మన ఊళ్లో గేటు పడితే ఎంతసేపో మీకు తెలుసు, హౌరా లైను అది. ఒక నిమిషం అయ్యేసరికి కాలి కింద పెడల్ మెల్లగా, చాలా మెల్లగా దిగిపోతోంది. ఆయనకి తెలీలేదు. కారు వెనక్కి కదలడం మొదలయ్యాక తెలిసింది. వెనకాల బైక్ మీద మొగుడూ పెళ్లాం, మధ్యలో చిన్న పాప. వాళ్లు హారన్ కొడుతున్నారు, మావయ్య కంగారులో అదే పెడల్ని ఇంకా అదుముతున్నాడు. వెనక సీట్లో పడుకుని ఉన్న అత్త, "హేండ్ బ్రేకు లాగు" అని అరిచింది. లాగాడు. కారు బైక్ టైరుని తాకి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు అని ఇప్పుడు తేలిగ్గా చెప్తున్నాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను ఎక్కడ తప్పు చేశాను? అది అర్థం కావాలంటే బ్రేక్ ఎలా పని చేస్తుందో ఒక్క నిమిషం చూద్దాం.

మీరు పెడల్ తొక్కితే ఒక కడ్డీ ముందుకు వెళ్లి మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ని తోస్తుంది. దాన్ని డాక్టర్ సిరంజి అనుకోండి. సిరంజిలో మందు లాగా ఇందులో బ్రేక్ ఆయిల్. ఆ ఒత్తిడి పైపుల్లోంచి నాలుగు చక్రాలకీ వెళ్తుంది. పాత చిన్న కార్లలో మామూలుగా ముందు చక్రాలకి డిస్క్, వెనక చక్రాలకి డ్రమ్ ఉంటాయి. డిస్క్ దగ్గర ప్యాడ్లు పట్టుకుంటాయి, డ్రమ్ లోపల షూలు విచ్చుకుని రాసుకుంటాయి. ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుంది. ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రం ఇదే.

కాబట్టి పెడల్ అంటే ఆ లైను మొత్తానికి నాడి లాంటిది. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసినట్టు, మనం కాలితో చూడాలి. బానెట్ ఎత్తక ముందే పెడల్ సగం జబ్బు చెప్పేస్తుంది.

ఇప్పుడు ఒక్కోటీ చూద్దాం. ఈ పరీక్షలన్నీ బండి ఆగి ఉన్నప్పుడు, సమతలం మీద, చక్రాలకి ముందూ వెనకా రాయి అడ్డం పెట్టి చేయండి. గేర్ న్యూట్రల్‌లో ఉండాలి.

మొదటిది, మెత్తటి పెడల్. తొక్కితే స్పాంజి మీద కాలు పెట్టినట్టు ఉంటుంది. వెంటనే రెండు మూడు సార్లు పంప్ చేస్తే కొంచెం గట్టిపడుతుంది. ఇది లైనులో గాలి ఉందని గుర్తు. ఆయిల్ని నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. మీ కాలి బలం చక్రం దాకా వెళ్లకుండా ఆ బుడగని నొక్కడంతోనే అయిపోతుంది. గాలి తీయిస్తే తగ్గుతుంది. కానీ గాలి ఊరికే రాదు. గాలి లోపలికి వచ్చిందంటే ఎక్కడో దారి ఉంది. ఆ దారి చూడకుండా గాలి మాత్రం తీస్తే పది రోజుల్లో మళ్లీ అదే కథ.

రెండోది, మొదటి తొక్కుకి పెడల్ బాగా కిందికి వెళ్తుంది, వెంటనే రెండోసారి తొక్కితే పైనే అందుతుంది, స్పాంజిలా కాకుండా గట్టిగానే ఉంటుంది. అప్పుడు ముందు వెనక డ్రమ్ములు చూడండి. షూలు అరిగిపోయి డ్రమ్ముకి దూరంగా జరిగిపోయి ఉంటాయి. మొదటి తొక్కు అంతా ఆ దూరం దాటడానికే సరిపోతుంది. హ్యాండ్ బ్రేక్ చాలా పైకి లాగితే గానీ పట్టకపోవడం కూడా దీనికి తోడు గుర్తు. షూ అడ్జస్ట్ చేయాలి, అరిగితే మార్చాలి.

మూడోది, రాయి లాంటి పెడల్. ఎంత తొక్కినా దిగదు, బండి ఆగదు. మీ కారుకి బూస్టర్ ఉంటే ముందు దాన్ని అనుమానించండి. బూస్టర్ అంటే ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌తో మీ కాలికి సాయం చేసే గుండ్రటి డబ్బా. పరీక్ష చాలా సులువు. ఇంజిన్ ఆపి ఐదారు సార్లు తొక్కండి, పెడల్ గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగితే బూస్టర్ బాగున్నట్టే, ఈ దిగడం చూసి భయపడకండి. ఏమీ దిగలేదంటే బూస్టర్ గానీ, దానికి వచ్చే వాక్యూమ్ పైపు గానీ, ఆ పైపులో ఉండే వాల్వు గానీ చెడింది. చాలాసార్లు పైపుకి చీలిక ఉంటుంది, చిన్న ఖర్చుతో పోతుంది. మా మావయ్య కారుకి అసలు బూస్టరే లేదు. పాత చిన్న కార్లలో చాలా వాటికి ఉండదు. కాబట్టి ముందు మీ కారుకి ఉందో లేదో చూసుకోండి.

నాలుగోది, కాలి కింద దడదడ. వేగంలో తొక్కితే పెడల్ కాలిని తంతున్నట్టు ఉంటుంది. స్టీరింగ్ కూడా వణికితే ముందు డిస్కులు చూడాలి. స్టీరింగ్ బాగానే ఉండి సీటు దగ్గర అదురు తెలిస్తే వెనక డ్రమ్ములు గుండ్రం తప్పి ఉండొచ్చు. ఏబీఎస్ ఉన్న కారులో సడన్‌గా తొక్కినప్పుడు వచ్చే దడదడ మాత్రం జబ్బు కాదు, అది దాని పని.

ఐదోది, తొక్కగానే బండి ఒక పక్కకి లాగడం. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. కుడికి లాగితే కుడి బ్రేక్ చెడిందనుకుంటారు. చాలాసార్లు తిరగబడి ఉంటుంది. కుడివైపు బ్రేక్ బాగా పడుతోంది, ఎడమ వైపుది పట్టడం లేదు. కాలిపర్ బిగుసుకుపోయిందా, షూ మీద ఆయిల్ కారిందా అని ఆ పట్టని వైపు చూడాలి. మన దగ్గర వర్షాకాలంలో ఇంకోటి ఉంది. నీళ్లలోంచి బండి తీసుకొచ్చాక డ్రమ్ములు తడిసి కాసేపు బ్రేక్ పట్టదు. మెల్లగా పోతూ రెండు మూడు సార్లు తేలిగ్గా తొక్కితే ఆరిపోతుంది. ఈ పని రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చేయండి.

ఆరోది, బ్రేక్ వదలకపోవడం. పెడల్ పైకి వచ్చేసింది, కానీ బండి ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది, మైలేజ్ పడిపోతుంది. కొంత దూరం పోయి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోకండి, కాలుతుంది, దగ్గర పెడితే చాలు. ఒక చక్రం మిగతా వాటి కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ పట్టేసింది. కొన్నిసార్లు రబ్బరు పైపు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. తొక్కిన ఆయిల్ వెళ్తుంది, వెనక్కి రాదు.

ఏడోది, ఇదే మా మావయ్యది. పెడల్ మామూలుగానే అందుతుంది. కాలు పెట్టి ఉంచితే మెల్లగా దిగిపోతుంది. బయట ఎక్కడా ఆయిల్ చుక్క కనపడదు, డబ్బాలో మట్టం తగ్గదు. అలా ఉంటే దాదాపుగా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు పోయినట్టే. ఆయిల్ బయటికి కాదు, లోపలే కప్పు పక్క నుంచి వెనక్కి జారిపోతోంది.

ఇప్పుడు నా తప్పులు లెక్కపెడదాం. మూడు ఉన్నాయి.

మొదటి తప్పు, నేను గట్టిగా తొక్కి చూశాను. ఆ రబ్బరు కప్పు అంచు పెదవిలా ఉంటుంది. గట్టిగా తొక్కితే ఆయిల్ ఒత్తిడే ఆ పెదవిని సిలిండర్ గోడకి అదిమి పెడుతుంది, లీకు ఆగిపోతుంది. తేలిగ్గా తొక్కితే ఆ అదుముడు ఉండదు, అరిగిన చోట నుంచి జారిపోతుంది. నేను పరీక్ష చేసింది గట్టి తొక్కుతో. మావయ్య గేటు దగ్గర పెట్టింది తేలిక కాలు. నా పరీక్షలో పాసైన బండి ఆయన కాలి కింద ఫెయిలైంది. అందుకే మీరు రెండూ చేయాలి. ఒకసారి గట్టిగా తొక్కి 30 సెకన్లు, ఒకసారి తేలిగ్గా, సిగ్నల్ దగ్గర ఆగినంత బలంతో, ఒక నిమిషం పూర్తిగా. ఫోన్ స్టాండుకి పెట్టి పెడల్ని వీడియో తీయండి. కాలికి తెలియని దిగుడు వీడియో జరిపి చూస్తే తెలిసిపోతుంది. ఆ వీడియోనే మెకానిక్‌కి చూపించండి.

రెండో తప్పు, కుర్రాడి చేత అడుగు దాకా తొక్కించాను. రోజూ నడిపేటప్పుడు పెడల్ సగం దాకా కూడా వెళ్లదు. అంటే కప్పులు సిలిండర్‌లో కొంత దూరమే తిరుగుతాయి, అక్కడ గోడ నున్నగా ఉంటుంది. దాని అవతల ఏళ్ల తరబడి ఎవరూ వెళ్లని చోట మురికి, తుప్పు పేరుకుని ఉంటాయి. అడుగు దాకా తొక్కినప్పుడు కప్పులు ఆ గరుకు మీద రాసుకుని అంచు చిరుగుతుంది. మావయ్య వచ్చినప్పుడే కప్పులు పాడైపోతున్నాయి, నా అరగంట పని వాటిని పూర్తిగా చింపేసింది. ఇప్పుడు పాత బండికి గాలి తీసేటప్పుడు పెడల్ కింద చెక్క ముక్క పెడతాను, అడుగు దాకా పోకుండా.

మూడో తప్పు, అడగాల్సిన ప్రశ్న అడగలేదు. "కిందికెల్లిపోతంది" అని ఆయన సరిగ్గానే చెప్పాడు. తొక్కగానే వెళ్తోందా, తొక్కి ఉంచితే వెళ్తోందా అని నేను అడిగి ఉంటే జబ్బు అక్కడే తేలిపోయేది. ఆయిల్ రంగు చూసి నేనే తీర్పు చెప్పేశాను.

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. మామూలు డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, అరకు నుంచి వస్తున్నారనుకోండి, అదే పనిగా బ్రేక్ తొక్కితే ఆ వేడికి ఆయిల్లో తేమ ఆవిరై బుడగలు వస్తాయి. పెడల్ ఒక్కసారిగా నేలకి వెళ్లిపోతుంది. అందుకే దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి. పైగా ఆ తేమే లోపల తుప్పు పుట్టిస్తుంది. మనం ఉండేది సముద్రం పక్కన. రెండేళ్లకి ఒకసారి ఆయిల్ మొత్తం మార్పించండి, పైన నింపడం కాదు. మీ డబ్బా మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే పోయించండి. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి.

డబ్బాలో మట్టం తగ్గితే కూడా ముందు ఎందుకు తగ్గిందో చూడాలి. ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం నెమ్మదిగా తగ్గడం మామూలే. తొందరగా తగ్గితే ఎక్కడో కారుతోంది. చక్రాల లోపలి వైపు తడి ఉందా, పెడల్ పైన కడ్డీ దగ్గర చెమ్మ ఉందా చూడండి. అలాంటి బండి నడపకండి. షెడ్డుకి కూడా నడిపి తీసుకురాకండి, మెకానిక్‌నే పిలవండి.

మావయ్య కారు మాస్టర్ సిలిండర్ విప్పాను. కప్పు అంచు చిరిగి ఉంది. లోపల నల్లటి జిగురు, గోడకి తుప్పు గుంటలు. ఇలాంటప్పుడు రబ్బర్ల కిట్ మాత్రం వేయకూడదు, గుంటల మీద కొత్త రబ్బరు కూడా కొద్ది రోజులే. సిలిండర్ మొత్తం కొత్తది వేశాను, ఆయిల్ అంతా తీసేసి కొత్తది పోశాను. తేలిక కాలితో ఒక నిమిషం, మూడు సార్లు చూశాను. దిగలేదు. డబ్బులు తీసుకోలేదు, తీసుకునే మొహం నాకు లేదు.

అప్పుడు మావయ్య ఒక మాట అన్నాడు. "నెల్లాళ్ల బట్టీ దిగతంది అల్లుడూ, నానే అలవాటు పడిపోనాను." నాకు అన్నిటి కంటే ఆ మాటే గుచ్చుకుంది. పెడల్ ఒక్క రోజులో పాడవదు. రోజుకి కాస్త కాస్త దిగుతుంది, మన కాలు కూడా రోజుకి కాస్త కాస్త సర్దుకుంటుంది. రోజూ నడిపే మనిషికే అది అందరి కంటే ఆలస్యంగా తెలుస్తుంది.

అందుకే ఈ ఎపిసోడ్ మీ కోసం అన్నాను. మీరు నెలకో రెండు నెలలకో సెలవులకి ఇంటికి వచ్చి నాన్న కారు తీస్తారు. "ఏంటి నాన్నా, బ్రేక్ ఇలా ఉంది?" అని మీకు అనిపిస్తుంది. ఆయన "పాత బండి అలాగే ఉంటుందిలే, నీకు అలవాటు లేదు" అంటారు. ఆ మాటకి ఊరుకోకండి. అలవాటు లేకపోవడమే అక్కడ మీ బలం. ఆయన కాలు మర్చిపోయింది మీ కాలు పట్టుకుంది.

ఇక మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు "అన్నా, బ్రేక్ బాలేదు" అని వదిలేయకండి. నాలుగు ముక్కలు చెప్పండి. తొక్కగానే వస్తోందా, తొక్కి ఉంచితే వస్తోందా? పంప్ చేస్తే మారుతోందా? ఇంజిన్ ఆన్‌లోనా, ఆఫ్‌లోనా? చల్లగా ఉన్నప్పుడా, దూరం పోయాకా? ఇవి చెప్తే మంచి మెకానిక్ సగం పని అక్కడే అయిపోయిందంటాడు. అడగని నాలాంటోడి చేత కూడా సరిగ్గా పని చేయించుకోవచ్చు.

ఇంకొకటి. అత్త ఆ రోజు హ్యాండ్ బ్రేక్ అని అరిచింది కదా. పాత కార్లలో హ్యాండ్ బ్రేక్‌కి ఆయిల్‌తో సంబంధం లేదు, వైరుతో నేరుగా వెనక చక్రాలని పట్టుకుంటుంది. పెడల్ పోయినా అది మిగులుతుంది. మన దగ్గర చాలా బళ్లలో ఆ వైరు తుప్పు పట్టి పేరుకే ఉంటుంది. వచ్చే ఎపిసోడ్ దాని మీదే.

అత్త ఇప్పుడూ వారానికి రెండు సార్లు వస్తోంది. మొన్న షెడ్డు దగ్గర ఆగినప్పుడు, "గేటు పడితే మీ మావయ్య కాలు కేసే సూస్తన్నాను రా, రైలు కేసి సూడ్డం మానీసినాను" అంది నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను.

ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ ఇంట్లో పాత కారు ఉంటే, చక్రాలకి రాయి అడ్డం పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్ మీద తేలిగ్గా కాలు పెట్టి ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టండి. దిగిందో లేదో కింద కామెంట్‌లో రాయండి. దిగితే మాత్రం కామెంట్ తర్వాత, ముందు బండి తాళం దాచేయండి. ఉంటాను, నమస్తే.